మద్రా ఉడికే రాత్రి: కాంగ్డా ధామ్ భోజనం

వ్యాఖ్యాత: నమస్కారం. ఉత్తరాది వంటలంటే మనలో చాలామందికి పనీరు, నాన్ రొట్టె దగ్గరే ఆగిపోతుంది. అక్కా, మీరు హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్డాలో పెళ్లికి వెళ్లి వచ్చారు కదా. ఏం పెట్టారక్కడ?

అతిథి: ధామ్ పెట్టారు, అంటే అక్కడి విందు భోజనం. రొట్టె ఒక్కటీ లేదు, అంతా అన్నమే! నేల మీద బంతులు తీర్చి కూర్చోబెట్టారు. వాళ్లు పంగత్ అంటారు, మన పంక్తే. ఉల్లి, వెల్లుల్లి లేకుండా వండారు. అయినా ఆ రుచి ఇంకా నాలుక మీదే ఉంది తమ్ముడూ.

వ్యాఖ్యాత: వంటవాళ్లు ఎవరు?

అతిథి: బోటీలు. తరతరాలుగా ధామ్ వండుతున్న బ్రాహ్మణ కుటుంబాల వాళ్లు. ముందురోజు రాత్రే పని మొదలు. నేలలో పొడవుగా గాడి తవ్వి, కట్టెలు పేర్చి, దాని మీద వరసగా చరోటీలు ఎక్కించారు. అడుగున గుండ్రంగా, మూతి దగ్గర ఇరుకుగా ఉండే లోహపు పాత్రలు అవి. నాకు నిద్ర పట్టక వెళ్లి అక్కడే కూర్చున్నాను.

వ్యాఖ్యాత: ఏం చూశారు?

అతిథి: మద్రా. కాబూలీ శనగలు, పెరుగు, నెయ్యి, లవంగం, దాల్చినచెక్క, నల్ల యాలకులు. చెప్పుకుంటే ఇంతే. కష్టమంతా పెరుగు దగ్గరే ఉంది. మజ్జిగ పులుసు ఒక పొంగు రాగానే దించేస్తాం కదా, విరుగుతుందనే భయంతో. వాళ్లు దాన్ని దించరు, మరిగిస్తూనే ఉంటారు! చిలికిన పెరుగు పోసింది మొదలు పెద్దాయన గరిటె ఆపలేదు. నాతో మాట్లాడుతున్నా చెయ్యి తిరుగుతూనే ఉంది. మొదట పల్చగా, తెల్లగా ఉంది. తర్వాత మీగడలా చిక్కబడింది. చివరికి అంచుల దగ్గర పసుపు రంగు నెయ్యి చుక్కలు చుక్కలుగా తేలింది. అప్పుడాయన మంట తగ్గించమన్నాడు.

వ్యాఖ్యాత: కూరగాయలు ఉండవా?

అతిథి: తక్కువ. పప్పులదీ పెరుగుదీ పెత్తనం. మినుములు, రాజ్మా, పుల్లగా వండే ఖట్టా, చివర తీపి అన్నం. ఊరు మారితే వరస కూడా మారుతుంది. మండీలో తీపి బూందీ ముందే వడ్డిస్తారు, మినప్పప్పుతో చేసే సేపూ బడీ కూడా ఉంటుంది. చంబాలో రాజ్మాతో చేసే మద్రాకు పేరు. హిమాచల్ వంట అని ఒక్క మాటలో తేల్చేస్తే ఇవన్నీ మరుగున పడిపోతాయి, అది నాకు బాధ.

వ్యాఖ్యాత: విస్తర్లు దేనితో కుడతారు?

అతిథి: తౌర్ అనే తీగ ఆకులతో. మధ్యలో చీలి, రెండు రెక్కల్లా విచ్చుకునే ఆకు. ఒకటి సంచిలో పెట్టుకుని తెచ్చాను, చూడు.

వ్యాఖ్యాత: అక్కా, ఇది మా అడ్డాకు! పాడేరు వైపు మా అమ్మమ్మ వాళ్లు కుట్టేది ఈ ఆకులతోనే.

అతిథి: అదే తీగ. నేనూ అక్కడే గుర్తుపట్టాను. బంతిలో కూర్చుని, వేడి అన్నం పడగానే లేచిన ఆకు వాసనతో.