విదిన్: వంతెన ఉంది, ఆగేవాళ్లే లేరు

నమస్కారమండీ. ఈరోజు మిమ్మల్ని కొంచెం దూరం తీసుకెళ్తా. ఫోన్‌లో మ్యాప్ తెరిచి బల్గేరియా ఎక్కడుందో వెతకండి, దొరికాక దాని పైన ఎడమవైపు మూల మీద వేలు పెట్టండి, అక్కడ డాన్యూబ్ నది మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది కదా, ఆ వంపులో గట్టు మీద ఉన్న ఊరే విదిన్. దాని చుట్టూ ఉన్న జిల్లా పేరూ విదినే. వాళ్లు జిల్లాని ఒబ్లాస్ట్ అంటారు, నేను మాత్రం జిల్లా అనే అంటా, మీకూ నాకూ సులువు. నది దాటితే రొమేనియా, పడమటి కొండలు దాటితే సెర్బియా. సొంత దేశ రాజధాని సోఫియాకి పోవాలంటే మాత్రం రోడ్డు మీద 200 కిలోమీటర్లు, రైలెక్కితే 5 గంటలు పైనే. పక్క దేశాలు పెరట్లో, సొంత రాజధానేమో పొలిమేర అవతల అన్నట్టుంటుంది వ్యవహారం.

బల్గేరియాలో ఇలాంటి జిల్లాలు 28. అన్నిట్లోకీ జనం తక్కువున్నది ఇదే. 3 అంకెలు చెప్తా, ఇవి మాత్రం గుర్తుపెట్టుకోండి, మిగతావి మర్చిపోయినా పర్లేదు. 2001 జనాభా లెక్కల్లో విదిన్ జిల్లాలో 1,30,074 మంది. 2011లో 1,01,018. 2021లో 75,408. అంటే 20 ఏళ్లలో ప్రతి 10 మందిలో నలుగురు లేకుండా పోయారు, యుద్ధం రాలేదు, కరువు రాలేదు, భూకంపం రాలేదు, మామూలుగానే పోయారు. దేశం మొత్తమ్మీద కూడా తగ్గుదలే అనుకోండి, 1985లో 89 లక్షలకు పైగా ఉన్నవాళ్లు 2021కి 65 లక్షల చిల్లరకి వచ్చారు, కానీ విదిన్ తగ్గిన తీరు వేరు.

జిల్లా విస్తీర్ణం 3,033 చదరపు కిలోమీటర్లు, కాబట్టి చదరపు కిలోమీటరుకి సుమారు 25 మంది. 2011 లెక్కల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి ఇదే అంకె 308. ఇంకా ఈ 75 వేలలో సగం మందికి పైగా విదిన్ పట్నం మున్సిపాలిటీలోనే ఉంటారు, మిగతా 10 మున్సిపాలిటీలకీ మిగిలింది పంచుకోవాలి. బోయ్‌నిత్స, మాక్రేష్, గ్రమాద లాంటి చోట్లయితే ఆఫీసు ఉంటుంది, మేయర్ ఉంటాడు, జనమే ఉండరు.

సరే, ఇదంతా విని ఆ నేల పనికిరానిదేమో, రాళ్లూ రప్పలేమో అనుకుంటారు, నేనూ మొదట్లో అలాగే అనుకున్నా. కాదండీ. నది పక్కనంతా డాన్యూబ్ మైదానం, గోధుమ, మొక్కజొన్న, పొద్దుతిరుగుడు చక్కగా పండే నేల. నోవో సెలో వైపు ద్రాక్ష తోటలు. తిమోక్ అనే చిన్న నది సెర్బియా సరిహద్దు వెంబడి వచ్చి డాన్యూబ్‌లో కలిసే చోటు బల్గేరియాకి ఉత్తరపు కొస. అక్కణ్ణించి దక్షిణంగా వస్తే నేల మెల్లగా లేస్తూ లేస్తూ చుప్రేనె దగ్గర 2,100 మీటర్లు దాటిన మిజూర్ శిఖరం దాకా పోతుంది, ఆ కొండల వరుసని వాళ్లు స్తారా ప్లనినా అంటారు, అంటే ముసలి కొండ అని. ఒకటే జిల్లాలో నది గట్టూ ఉంది, పొలమూ ఉంది, అడవీ ఉంది, మంచు కొండా ఉంది. ఇంకేం కావాలి చెప్పండి.

మధ్యలో బెలోగ్రాద్చిక్ రాళ్లు. ఇనుము తుప్పు పట్టిన రంగులో ఎర్రటి ఇసుకరాయి, గాలీ వానా కోట్ల ఏళ్లు చెక్కీ చెక్కీ ఒక్కో రాయికీ ఒక్కో ఆకారం ఇచ్చాయి, జనం వాటికి గుర్రపు రౌతనీ, సన్యాసులనీ, బడిపిల్ల అనీ పేర్లు పెట్టుకున్నారు. ఆ రాళ్లనే గోడలుగా వాడుకుని రోమన్లు మొదలుపెట్టిన కోటని తర్వాత బల్గేరియన్ రాజులు, ఆ తర్వాత ఒట్టోమన్ తుర్కులు పెంచుకుంటూ పోయారు. అక్కడికి దగ్గర్లోనే మగూరా గుహ, దాని గోడల మీద వందల బొమ్మలు, నాట్యమాడే ఆడవాళ్లు, వేటగాళ్లు, జంతువులు, అన్నీ గబ్బిలాల రెట్టతో వేసినవి. నవ్వకండి, ఆ రెట్ట బొమ్మలు వేల ఏళ్లు నిలిచాయి, మన ఇళ్లకి వేసిన రంగు రెండు వానలకి ఆగట్లేదు. గుహలో ఏడాది పొడుగునా 12 డిగ్రీల దగ్గరే ఉంటుంది కాబట్టి ఒక భాగంలో వైన్ దాచుతారు.

విదిన్ పట్నంలో నది ఒడ్డున ఒక కోట ఉంది, పేరు బాబా విదా. బాబా అనగానే మనకి గడ్డం, కాషాయం గుర్తొస్తాయి, వాళ్ల భాషలో బాబా అంటే అమ్మమ్మో నానమ్మో. విదా బామ్మ కోట అన్నమాట. కథేంటంటే ఒక దొరకి ముగ్గురు కూతుళ్లు, విదా, కూలా, గమ్‌జా. ఇద్దరు చెల్లెళ్లు తొందరపడి తాగుబోతు, దుబారా మొగుళ్లని చేసుకుని తండ్రిచ్చిన ఆస్తి తగలేశారు, పెద్దది పెళ్లి జోలికే పోకుండా కోట కట్టుకుని తన వాటా కాపాడుకుంది. కథ నిజమో కాదో గానీ కూలా పేరుతో ఇప్పటికీ ఈ జిల్లాలో ఒక చిన్న పట్నం ఉంది. పెళ్లి చేసుకోని పెద్దక్క కోటే చెక్కుచెదరకుండా నిలిచింది, దీన్నిబట్టి మీరేమనుకుంటారో మీ ఇష్టం.

ఇప్పుడు అసలు సంగతి. ఇంత మంచి నేల నుంచి జనం ఎందుకు పోయారు? నాకు అర్థమైనంతలో రెండు విడతలుగా పోయారు. మొదటి విడత కమ్యూనిస్టుల కాలంలో, పొలాలన్నీ కలిపేసి సహకార క్షేత్రాలు చేశారు, ఊళ్లో పని తగ్గింది, పట్నంలో ఫ్యాక్టరీలు లేచాయి, విదిన్‌లో పంపులు చేసే ఫ్యాక్టరీ, టైర్లూ కృత్రిమ దారాలూ చేసే పెద్ద రసాయనాల ఫ్యాక్టరీ. ఊరి కుర్రాళ్లు పట్నం చేరారు. అది వలసే గానీ జిల్లా దాటలేదు. 1989 తర్వాత ఆ వ్యవస్థ కూలింది, రసాయనాల ఫ్యాక్టరీ మూతపడింది, ఊరొదిలి పట్నం వచ్చినవాళ్లకి పట్నంలో కూడా పని లేదు, వెనక్కిపోదామంటే ఊళ్లో ఇల్లు పాడుబడింది. ఇక సోఫియా. 2007లో బల్గేరియా యూరోపియన్ యూనియన్‌లో చేరాక ఇటలీ, స్పెయిన్, జర్మనీ. ఇందులో ఒకటి మాత్రం నాకు మింగుడు పడదు, ఇక్కడి ఆడవాళ్లు చాలామంది ఇటలీలో ముసలివాళ్లని చూసుకునే పనికి వెళ్లారు, వాళ్ల సొంత ముసలివాళ్లేమో ఇక్కడ ఒంటరిగా ఉన్నారు.

మరి పొలాలు ఎవరు దున్నుతున్నారు అంటారా. సహకార క్షేత్రాలు రద్దయ్యాక భూములు పాత కుటుంబాల వారసులకి తిరిగిచ్చారు, ఒక తాత పొలం నలుగురు మనవలకి ముక్కలై ఆ మనవలు సోఫియాలోనో మాడ్రిడ్‌లోనో ఉంటారు, వాళ్లందరి దగ్గరా కౌలుకి తీసుకుని ఒకడు పెద్ద పెద్ద కంబైన్ హార్వెస్టర్లతో వేల ఎకరాలు చేస్తాడు. అతన్ని అరెండాతోర్ అంటారు. మన దగ్గర కౌలుదారంటే చేతిలో పట్టా లేక, బ్యాంకు లోను రాక తిప్పలు పడేవాడు, అక్కడ కౌలుదారే ఊళ్లో పెద్ద షావుకారు, భూమి ఉన్నవాడే చిన్నవాడు. పంట బాగానే వస్తుంది. మనుషులు మాత్రం అక్కర్లేదు, నలుగురు డ్రైవర్లు చాలు.

2013 జూన్ 14న డాన్యూబ్ మీద వంతెన తెరిచారు, విదిన్ నుంచి రొమేనియాలోని కలఫాత్‌కి, రోడ్డూ రైలూ రెండూ దాని మీదే. అంతకుముందు ఆ రెండు దేశాల మధ్య వందల కిలోమీటర్ల నది సరిహద్దుకి రూసె దగ్గర 1954లో కట్టిన వంతెన ఒక్కటే, విదిన్‌లో ఫెర్రీ ఎక్కాల్సిందే. వంతెన వస్తే జిల్లా లేచి నిలబడుతుందన్నారు. లారీలు వచ్చాయి, టర్కీ నుంచి జర్మనీకి పోయేవి, జర్మనీ నుంచి టర్కీకి పోయేవి. కాగితాల చెకింగ్ కోసం క్యూలో ఉన్నంతసేపైనా డ్రైవర్లు దిగి కాఫీ తాగేవాళ్లేమో, 2025 జనవరి 1 నుంచి రెండు దేశాలూ షెంగెన్‌లో, అంటే తమ మధ్య సరిహద్దు చెకింగ్ ఎత్తేసుకున్న యూరప్ దేశాల గుంపులో, పూర్తిగా చేరాక అక్కడ ఆగాల్సిన పని కూడా పోయింది. మన బైపాస్ రోడ్డు పడ్డ ఊళ్లలో హోటల్ వాళ్లనడగండి, వాళ్లు ఇంకా బాగా చెప్తారు. ఈ జిల్లా ఉన్న వాయవ్య ప్రాంతం ఏళ్ల తరబడి యూరోపియన్ యూనియన్‌లోనే అతి పేద ప్రాంతాల లెక్కలో అడుగున ఉంటూ వచ్చింది.

ఆ పల్లెల్లో నడిస్తే మొదట కంటపడేది కాగితాలు. ఇంటి గేటు మీద, కరెంటు స్తంభం మీద, బస్టాపులో, ఏ4 సైజు కాగితం, పైన ఫొటో, కింద పేరూ వయసూ. నెక్రోలోగ్ అంటారు. మనిషి పోయినప్పుడు ఒకటి, 40 రోజులకి ఒకటి, 6 నెలలకి, ఏడాదికి మళ్లీ ఒకటి. మన దగ్గర సంతాపం ఫ్లెక్సీ నాలుగు రోజులు కట్టి తీసేస్తాం, అక్కడ గేటుకి తాళం ఉంటుంది, తాళం పక్కన ఎండకి వెలిసిపోయిన ఫొటో ఉంటుంది, ఎన్నేళ్లయినా ఎవరూ పీకరు. ఒక్కోసారి ఒకే గేటు మీద భార్యదీ భర్తదీ పక్కపక్కన. జిల్లాలో 10 మందికి దాదాపు ముగ్గురు 65 దాటినవాళ్లు, పుట్టేవాళ్లకంటే పోయేవాళ్లు చాలా ఎక్కువ, కాబట్టి స్తంభాలకి ఖాళీ ఉండదు.

అదే స్తంభాల పైన కొంగల గూళ్లు ఉంటాయి. మార్చిలో ఆఫ్రికా నుంచి తిరిగొస్తాయి. మార్చి 1న బల్గేరియన్లు ఎరుపూ తెలుపూ దారం చేతికి కట్టుకుంటారు, మార్తెనిత్స అంటారు, మొదటి కొంగనో, పూసిన చెట్టునో చూసినరోజు విప్పి చెట్టు కొమ్మకి కడతారు. కొంగలు మాత్రం విదిన్‌ని వదల్లేదు.

మనుషులు వచ్చేది వేసవి సెలవలకి. ఒక్కో ఊరికి ఒక్కో పండగరోజు ఉంటుంది, సబోర్ అంటారు, మన జాతర అనుకోండి. గొర్రెను కోసి పెద్ద డేగిసాల్లో వండుతారు, బ్యాండు వస్తుంది, చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడతారు. ఇటలీ, స్పెయిన్ నంబరు ప్లేట్ల కార్లు వీధంతా నిండిపోతాయి, తాళాలు తీస్తారు, పెరట్లో గడ్డి కోస్తారు, బామ్మకి బల్గేరియన్ సరిగా రాని మనవల్ని చూపిస్తారు, ఆమె సంతోషంగా తల అడ్డంగా ఊపుతుంది, ఎందుకంటే అక్కడ అడ్డంగా ఊపితే అవును అని. జనాభా లెక్కలవాళ్లు ఆరోజు వస్తే అంకె ఇంకోలా ఉండేది. సెలవలయ్యాక ఆ కార్లన్నీ వరసగా వంతెన వైపు తిరుగుతాయి.