కంటి మత్తు చుక్కలు ఇంటికి ఎందుకు ఇవ్వరు? ఆ పసుపు రంగు మందు దేనికి?

[కెమెరా ముందు: చేతిలో చిన్న చుక్కల సీసా, బల్ల మీద నారింజ రంగు అంచున్న కాగితం స్ట్రిప్]

నమస్తే అందరికీ. ఈ సీసాలో ఉన్నది కంటికి వేసే మత్తు మందు, ఈ కాగితం ముక్క కంటికి పెట్టే రంగు. నాట్ల టైంలో, కోతల టైంలో మిర్యాలగూడ, హాలియా నుంచి, అటు జడ్చర్ల, కల్వకుర్తి నుంచి కంట్లో ఏదో పడిందని వచ్చేవాళ్లు చాలామంది రాత్రంతా కూర్చొనే తెల్లారబెట్టి, కన్ను మీద అడ్డం పెట్టుకున్న చెయ్యి తియ్యకుండానే లోపలికి వస్తారు. ఒక్క చుక్క వేస్తే ముందు కొంచెం మండుతుంది, అర నిమిషంలోపే నొప్పి మాయం, చెయ్యి తీసేసి హమ్మయ్య అంటారు. ఆ వెంటనే అడిగేది ఒకటే: "సార్, గిప్పుడేసిన మందే ఒక సీసా రాసియ్యుండ్రి, మీకు పుణ్యముంటది."

రాయం. ఎంత బతిమాలినా రాయం. ఎందుకో చెప్పడానికే ఈ వీడియో.

ముందు మత్తు అనే మాటకు భయపడేవాళ్లకు ఒక ముక్క. ముసలివాళ్లు "మత్తిస్తరా, పొద్దున తినే వచ్చిన" అని టెన్షన్ పడతారు. ఇది ఆపరేషన్ మత్తు లాంటిది కాదు, తినే రావచ్చు. కంటి పైపొర స్పర్శ మాత్రమే పోతుంది, అదీ ఒక పావుగంట సేపు. చూపు ఉంటుంది, కన్ను కదులుతుంది. గొంతులోకి కొంచెం చేదు దిగొచ్చు, కంటి లోపలి మూలన ముక్కు పక్కన వేలితో ఒక నిమిషం ఒత్తి పట్టుకుంటే అదీ తగ్గుతుంది.

ఈ మందుకు పెద్ద చరిత్రే ఉంది. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ అనే కుర్ర డాక్టర్ కొకైన్ ద్రావణాన్ని ముందు కప్పల కళ్ల మీద, తర్వాత తన కంట్లోనే వేసుకొని, గుండుసూది తలతో నల్లగుడ్డును తాకి చూసుకున్నాడు. తెలియలేదు! కంటి ఆపరేషన్లు నొప్పి లేకుండా చెయ్యడం అక్కడ మొదలైంది. కొకైన్ నల్లగుడ్డును పాడు చేస్తుందని తర్వాత తెలిసి మానేశారు. ఇప్పుడు వాడేది ఎక్కువగా ప్రొపారాకైన్. కొకైన్ కంటే ఎంతో నయం, కానీ నల్లగుడ్డును పాడు చేసే గుణం దీనికీ ఉంది, పదే పదే వేస్తే అది బయటపడుతుంది.

[స్క్రీన్ మీద: స్ట్రిప్‌ను కింది రెప్ప లోపల తాకించే దృశ్యం, తర్వాత నీలి వెలుగులో కన్ను]

ఇప్పుడు రంగు సంగతి. దీని పేరు ఫ్లోరెసిన్, 1871లో జర్మనీ శాస్త్రవేత్త అడాల్ఫ్ ఫాన్ బేయర్ తయారు చేశాడు. స్ట్రిప్ కొన మీద శుభ్రమైన సెలైన్ ఒక చుక్క వేసి, కింది రెప్పను కొంచెం లాగి లోపల తాకిస్తాం. రెండు మూడు సార్లు రెప్పలు ఆడించమంటాం. తర్వాత లైటార్పి మిషన్లోంచి నీలి వెలుగు వేస్తే, పైపొర ఎక్కడ లేచిపోయిందో అక్కడ రంగు పట్టి ఆకుపచ్చగా మెరుస్తుంది. మామూలు వెలుగులో ఎంత వెతికినా దొరకని గీత అప్పుడు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

నాకు ఇందులో బాగా నచ్చేది ఆ గీతల తీరు. నల్లగుడ్డు పైభాగంలో నిలువుగా, పక్కపక్కన సన్నని గీతలు కనిపించాయంటే, నలక పోయింది అనుకున్నది పోలేదన్నమాట, పై రెప్ప లోపల దాక్కొని రెప్ప వేసినప్పుడల్లా గీకుతోంది. రెప్ప తిప్పి చూస్తే రైస్ మిల్లు దుమ్మో, వడ్ల పొట్టో అక్కడే అతుక్కొని ఉంటుంది. అదే చెట్టు కొమ్మల్లా చీలిన గుర్తు కనిపిస్తే అది దెబ్బ కాదు, ఎక్కువసార్లు హెర్పిస్ వైరస్ పుండు, దాని వైద్యమే వేరు. కంటి ప్రెషర్ చూసేటప్పుడు కూడా ఈ రెండూ వేస్తాం, మిషన్ కొన నల్లగుడ్డును తాకాలి కాబట్టి మత్తు, ఆ తాకిన చోట అంచు కనపడాలి కాబట్టి రంగు.

రంగును సీసాలో పెట్టకుండా కాగితం మీద ఎందుకు ఇస్తారంటే, ఫ్లోరెసిన్ ద్రావణంలో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా హాయిగా పెరుగుతుంది. దెబ్బ తగిలిన నల్లగుడ్డును రోజుల్లోనే తినేసే రకం అది. అందుకే ఒక్కో స్ట్రిప్ విడివిడి కవర్లో వస్తుంది, ఒకరికి ఒకటి, వాడాక చెత్తబుట్టలోకే. మీ ముందే కవర్ చింపుతున్నారా లేదా చూడండి, నల్లా నీళ్లతో తడిపితే వద్దనండి, మత్తు సీసా మూతి మీ రెప్ప వెంట్రుకలకు తాకినా చెప్పండి, మొహమాటం అక్కర్లేదు. ఇంకో మాట, కాంటాక్ట్ లెన్స్ ఉంటే ముందే తీసెయ్యాలి, లేదంటే ఆ పసుపు లెన్స్‌కు పట్టి వదలదు.

సరే, అసలు విషయానికి వద్దాం. నొప్పి పోయింది కదా, అదే మందు ఇంట్లో వేసుకుంటే తప్పేంటి?

నల్లగుడ్డు మీద చిన్న గీత పడితే చుట్టూ ఉన్న కణాలు పాకుతూ వచ్చి దాన్ని మూసేస్తాయి, ఒకటి రెండు రోజుల పని అంతే. మత్తు మందు మళ్లీ మళ్లీ పడితే ఆ కణాలు పాకడం ఆపేస్తాయి, చచ్చిపోతాయి కూడా. రెప్ప సరిగ్గా పడదు, నీరు తగ్గుతుంది. గంటకో చుక్క వేసుకుంటూ పోతే మత్తు దిగినప్పుడల్లా నొప్పి ముందుకంటే ఎక్కువవుతుంది, అమ్మో తట్టుకోలేను అని ఇంకో చుక్క వేస్తారు. ఇక్కడే చిక్కుకుంటారు మనోళ్లు. కొన్నాళ్లకు నల్లగుడ్డులో తెల్లటి రింగు ఏర్పడుతుంది, నల్లగుడ్డే కరుగుతుంది, కొందరికి చిల్లు పడుతుంది. మానినా మచ్చ మిగులుతుంది, మన దగ్గర కంట్లో పువ్వేసింది అంటారే, అది.

అమెరికాలో ఎమర్జెన్సీ డాక్టర్ల సంఘం 2024లో, మామూలు చిన్న గీతకు మాత్రం 24 గంటలు దాటకుండా, చాలా కొద్ది మందు ఇవ్వొచ్చని చెప్పింది, నిజమే. కానీ అక్కడ గీత మామూలుదా కాదా తేల్చిన తర్వాతే ఆ మాట. మన దగ్గర పేషెంట్ కంట్లో వరి ఆకు కోసుకొని వచ్చాడు. ఆకు, మట్టి, కర్ర తగిలిన దెబ్బలో బూజు చేరే ప్రమాదం ఎక్కువ, పైకి నొప్పి తెలియకపోతే అతను వారం దాకా మళ్లీ రాడు. నా మట్టుకు నేను ఒక్కరోజు కోసం కూడా ఈ సీసా చేతికివ్వను.

ఈ ఉచ్చులో ఎక్కువగా పడేది వెల్డింగ్ పనివాళ్లు. అద్దం లేకుండా మంట చూస్తే అప్పటికప్పుడు ఏం కాదు, ఆరేడు గంటల తర్వాత, సరిగ్గా పడుకునే వేళకు, కంట్లో ఇసుక పోసినట్టు మొదలవుతుంది. తోటి పనివాడు జేబులోంచి చుక్కల సీసా తీస్తాడు, "నాకు పనిచేసింది, నువ్వూ వేసుకో." అన్నా, ఆ నొప్పి చాలావరకు ఒకటి రెండు రోజుల్లో దానంతటదే పోయేదే. నొప్పి మాత్ర, డాక్టర్ రాసిన ఆయింట్‌మెంట్, కన్ను మూసుకొని పడక, చాలు.

పరీక్ష తర్వాత ఒక అరగంట కన్ను నులుమొద్దు, పిల్లల చేతులు అసలే పోనివ్వొద్దు, తెలియకుండానే గీసుకుంటారు. చేతిరుమాలుకు, ముక్కు చీదితే పసుపు వస్తుంది, కంగారు పడకండి. కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేరే, అవి వేస్తే నాలుగైదు గంటలు దగ్గరిది మసక, ఎండ పడదు, ఆ రోజు బండి ఇంకొకరితో తోలించుకోండి. మేకు, ఇనుప రజను గుచ్చుకున్న కంట్లో మాత్రం ఎవ్వరితో ఏ చుక్కా వేయించుకోకండి, నొక్కకండి, చనుబాలు, నాలుకతో నలక తీయించడం అసలే వద్దు, నేరుగా పెద్ద ఆస్పత్రికే.

[స్క్రీన్ మీద: సీసా మీది పేరు పెద్దగా]

ఇప్పుడు మీ ఇంట్లో, బండి డిక్కీలో, షాపు గల్లాపెట్టెలో పాత చుక్కల సీసాలుంటే తీసి పేరు చదవండి. ప్రొపారాకైన్, టెట్రాకైన్, లిగ్నోకైన్, చివర "కైన్" అని ఉన్నది ఏదైనా దొరికితే, ఎంత మిగిలి ఉన్నా సరే, మూత విప్పి పారబోసెయ్యండి.