మన మిఠాయిని చంపింది చాక్లెట్టు కాదు, పావలా చావు!

నమస్కారం. ఈ రోజు నేను చెప్పబోయేది ఒకే ఒక్క మాట. వీడియో పూర్తయ్యేలోపు దాన్ని నాలుగైదు సార్లు చెబుతాను కనుక, విసుగు వస్తే ముందే క్షమించండి. మన చిన్ననాటి మిఠాయిలను పెద్ద కంపెనీల చాక్లెట్లు చంపలేదు, పళ్ళు పుచ్చిపోతాయని భయపెట్టిన డాక్టర్లు చంపలేదు, సూపర్ మార్కెట్లు అసలే చంపలేదు. వాటిని చంపింది పావలా చావు, అంటే 25 పైసల నాణెం చెల్లకుండా పోవడం.

పోయిన వీడియోకు మీరు నన్ను ఎంత తిట్టారో నాకు గుర్తుంది. నిమ్మతొనలు, పులుపు బిళ్ళలు, జీడీలు అన్నీ కలిపి ఒక అట్టపెట్టెలో పేర్చి, పైన "తొంభైల నాటి బాల్యం" అని అచ్చు వేసి, ఆన్‌లైన్‌లో వందల రూపాయలకు అమ్ముతున్నారు కదా, అది నేను కొననని ఆ వీడియోలో అన్నాను. అంతే, "మా జ్ఞాపకాలను వెక్కిరించావు" అన్నవారు కొందరు, "పిసినారి" అన్నవారు ఇంకొందరు. పిసినారితనం సంగతి మా ఇంట్లోవాళ్ళు మీకంటే బాగా చెబుతారు. కానీ ఆ పెట్టెను ఎందుకు కొననో కారణం చెప్పకుండా వదిలేయడం నా తప్పే, కనుక ఈ రోజు చెబుతాను.

మాది చిత్తూరు జిల్లాలో ఒక పల్లె. కోస్తాలో బడ్డీ కొట్టు అనేదాన్ని, తెలంగాణలో కిరాణా దుకాణం అనేదాన్ని మేము అంగడి అంటాము. మా వీధి అంగడిని నడిపే పెద్దావిడను ఊరంతా అవ్వ అనే పిలిచేది. గుమ్మానికి ఎదురుగా చెక్క బల్ల మీద ఐదు గాజు సీసాలు వరుసగా ఉండేవి. ఒకదానిలో పంచదార అద్దిన నిమ్మతొనలు, ఇంకొకదానిలో తెల్లని పిప్పరమెంట్లు, తరువాత నువ్వుల జీడీలు, పులుపు బిళ్ళలు, చివరి సీసాలో గోలీకాయంత వేరుశనగ ఉండలు. ఏది తీసుకున్నా ఒకటి ఐదు పైసలు. నా చేతిలో ఉన్నది పావలా, అంటే ఐదు మిఠాయిలు.

ఇప్పుడు ఈ లెక్క వినండి, నేను కాగితం మీద రెండుసార్లు వేసి చూసుకున్నాను. ఐదు సీసాల్లోంచి ఐదు మిఠాయిలను, ఒకే రకాన్ని ఎన్నిసార్లయినా తీసుకోవచ్చు అనుకుంటే, ఎన్ని విధాలుగా ఏరుకోవచ్చు? 126 విధాలుగా. నమ్మకపోతే ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే అడగండి, వాళ్ళ లెక్కల పుస్తకంలోనే ఉంటుంది. ఏడేళ్ళ పిల్లవాడు అంగడి గడప మీద ఒంటికాలి మీద నిలబడి, వేలు నోట్లో పెట్టుకొని, పది నిమిషాల పాటు ఆ 126 దారుల్లో తిరిగేవాడు. "ఏం కావాల్రా అబ్బోడా, తొందరగా చెప్పు, సీసా మూత తీస్తే చీమలు దూరతాయి" అని అవ్వ కసిరేది. మనం ఈ రోజు చిన్నప్పటి రుచి అని దేన్ని తలచుకొని నిట్టూరుస్తున్నామో, నా అభిప్రాయంలో అది ఆ పది నిమిషాల తర్జనభర్జనే. పెట్టె కొన్నవారికి ఎవరో ముందే ఏరి పేర్చినవి అన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి. ఏరుకునే పనే లేనప్పుడు అందులో ఉన్నది ఉత్త చక్కెర.

సరే, ఆ పావలా పిల్లవాడి చేతికి ఎక్కడి నుంచి వచ్చింది? ఇది ఎవరూ మాట్లాడరు, నా వాదనకు ఆయువుపట్టు ఇదే. మా ఇళ్ళలో నెలనెలా చేతిఖర్చుకు డబ్బులిచ్చే అలవాటు లేదు. అమ్మ రెండు రూపాయలిచ్చి కొత్తిమీర కట్ట, అగ్గిపెట్టె తెమ్మని పంపితే, మిగిలిన ఇరవై పైసలో, పావలానో "ఉంచుకో పో" అనేది. తాతకు చుట్టలు తెచ్చిపెడితే పది పైసలు, పక్కింటి అత్తకు ఉత్తరం డబ్బాలో వేసి వస్తే ఐదు పైసలు. పిల్లల సంపాదన అంతా పెద్దల లెక్కలో మిగిలిపోయిన చిల్లరే. కోస్తాలో ఆ కొట్టుకు చిల్లర కొట్టు అనే ఇంకో పేరు కూడా ఉంది, గమనించారా? చిల్లర సామాన్లు అమ్ముతారు కనుక ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. ఉండనివ్వండి, నా లెక్కలో మాత్రం అది పిల్లలు చిల్లర తెచ్చి పోసే కొట్టు.

పావలా సామాన్యమైన నాణెం కాదు. రూపాయికి పదహారు అణాలు ఉన్న కాలంలో నాలుగు అణాలను పావలా అన్నారు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయా పైసల పద్ధతి వచ్చింది, అణాలు, బేడలు, కానులు మెల్లగా మాయమయ్యాయి, అయినా 25 పైసలను మనం పావలా అనడం మానలేదు. నయా అనే మాట 1964లో పోయింది, పావలా అనే మాట పోలేదు. 1988 నుంచి వచ్చిన స్టీలు పావలా మీద ఖడ్గమృగం బొమ్మ ఉండేది, దాన్ని అద్దిన కాగితం మీద పెన్సిలుతో రుద్ది ఆ బొమ్మ తీయని పిల్లవాడు మా బడిలో లేడు. పూరేకుల అంచు ఉన్న పది పైసల అల్యూమినియం బిళ్ళ, ఆరు మూలల ఇరవై పైసల బిళ్ళ, నాలుగు మూలలు నున్నగా అరిగిన ఐదు పైసల బిళ్ళ, ఇవన్నీ జేబులో చేయి పెట్టి చూడకుండానే తడిమి గుర్తుపట్టేవాళ్ళం. 2011 జూన్ 30 నుంచి 25 పైసలు, అంతకంటే చిన్న నాణేలు చెల్లకుండా పోయాయి. నిజానికి అంగళ్ళలో అవి అంతకు చాలా ముందే చచ్చాయి, ప్రభుత్వం చేసింది మరణ ధ్రువీకరణ పత్రం ఇవ్వడం మాత్రమే.

"చాక్లెట్లు రావడం వల్లే మన మిఠాయిలు పోయాయి" అనేవారికి ఒక ప్రశ్న. క్యాడ్‌బరీ మన దేశానికి వచ్చింది 1948లో. పార్లే వారు అంతకు ముందే, 1929 నాటికే బొంబాయిలో నారింజ మిఠాయి తయారు చేశారు. మా చిత్తూరులోనే 1952లో బి. వెంకట్రామరెడ్డి గారు న్యూట్రిన్ కంపెనీ స్థాపించారు, ఆ కాగితం చుట్టిన చాక్లెట్లు తినని తెలుగు పిల్లలు ఉన్నారా? అవన్నీ అరవై ఏళ్ళ పాటు ఇలాంటి అంగళ్ళలో మన నిమ్మతొనల పక్కనే కూర్చున్నాయి. ఒకే బల్ల మీద అర్ధశతాబ్దం కలిసి కాపురం చేసినవాడు ఉన్నట్టుండి హంతకుడు ఎలా అవుతాడు? పైగా ఆ న్యూట్రిన్ కూడా 2006లో గోద్రెజ్ చేతికి, తరువాత అమెరికా చాక్లెట్ కంపెనీ హెర్షీస్ చేతికి వెళ్ళిపోయింది. చంపాడని మీరు అంటున్నవాడి ఇల్లే చేతులు మారింది.

ఇక్కడ ఒక్క నిమిషం పక్కకు వెళ్తాను, ఈ మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పిప్పరమెంటు అనేది పుదీనా జాతి మొక్క పేరు. ఆ ఇంగ్లీషు మాటను మన అవ్వలు నోట్లో వేసుకొని చప్పరించి చప్పరించి, పుదీనా వాసన కూడా లేని నిమ్మకాయ బిళ్ళకు, నారింజ బిళ్ళకు, గులాబీ రంగు గుండ్రని బిళ్ళకు, అన్నిటికీ పిప్పరమెంటు అనే పేరు పెట్టేశారు. ఆ పేరు మన ఇంట్లోనే పుట్టినట్టు నిలిచిపోయింది.

మళ్ళీ విషయానికి వస్తాను. చిన్న నాణెం పోయాక ఏమవుతుందో లెక్క చూడండి. పావలా మిఠాయి ధర పెంచాలంటే తరువాతి మెట్టు అర్ధరూపాయి, దాని తరువాతి మెట్టు రూపాయి. ప్రతి మెట్టూ రెట్టింపు. చక్కెర ధర పదో వంతు పెరిగితే మిఠాయి ధరను పదో వంతు పెంచే వీలు లేదు, ఎందుకంటే ఆ తేడాను చెల్లించే నాణెమే లేదు. కనుక మిఠాయినైనా చిన్నది చేయాలి, పది కలిపి ప్యాకెట్టులోనైనా కట్టాలి. జీడీలు చేసేవాళ్ళకు ఈ దెబ్బ సూటిగా తగిలింది. జీడి తయారీ మీరు చూసే ఉంటారు. బెల్లాన్ని ముదురు పాకం పట్టి, నూనె రాసిన పళ్ళెంలో పోసి, చేయి పట్టేంత వేడికి దిగాక గోడకు కొట్టిన మేకుకు తగిలించి లాగుతారు, మడత వేసి మళ్ళీ లాగుతారు. లాగిన కొద్దీ గాలి చేరి, నల్లని పాకం బంగారు రంగుకు, ఆపై తెలుపుకు తిరుగుతుంది. భుజాలు పడిపోయే ఆ చాకిరీ అంతా ఐదు పైసల ముక్కగా అమ్ముడుపోవాలి. ముక్కకు సరిపోయే నాణెం లేనప్పుడు జీడి చేసేవాడు ఆ చాకిరీ ఎవరి కోసం చేయాలి?

డబ్బులు లేకపోయినా జీడి దొరికిన రోజులు కూడా ఉన్నాయి. కోతల కాలంలో దోసెడు వేరుశనగ కాయలో, వడ్లో తెచ్చి పోసినా అవ్వ కొలుచుకొని మిఠాయి ఇచ్చేది. పాత ఇనుము, పగిలిన ప్లాస్టిక్ బకెట్టు తెస్తే సైకిల్ మీద వచ్చే పీచుమిఠాయి మనిషి మోగించే గంట ఆపి మరీ ఇచ్చేవాడు. ఒకసారి మా తమ్ముడు, ఇంకా వాడుకలో ఉన్న ఇత్తడి చెంబును పీచుమిఠాయికి వేసి వచ్చాడు. ఆ సాయంత్రం మా ఇంట్లో జరిగింది ఈ వీడియోలో చెప్పదగింది కాదు.

కొందరు తెలివైనవారు అడ్డు తగులుతారని నాకు తెలుసు. ఆహార భద్రత చట్టం నిబంధనలు 2011 ఆగస్టులో అమలులోకి వచ్చాయి కదా, విడి మిఠాయిలు తగ్గడానికి అది కారణం కాదా అంటారు. తమిళనాడు, పుదుచ్చేరి 2024 ఫిబ్రవరిలో పీచుమిఠాయిని నిషేధించాయి కదా అంటారు. అవును, బట్టలకు వేసే రొడమిన్-బి రంగు అందులో కనిపించింది కనుక నిషేధించారు, మంచి పని చేశారు, ఆ రంగును ఏ పిల్లల నోట్లోనూ నేను కోరుకోను. కానీ చట్టం అమలైన సంవత్సరం ఏది? పావలా చెల్లని సంవత్సరం ఏది? రెండూ 2011. జూన్‌లో నాణెం పోయింది, ఆగస్టులో నిబంధనలు వచ్చాయి. శవం లేచాక వచ్చిన డాక్టరును హంతకుడు అంటే ఎలా? ఇది మొండి వాదన అని మీరు అనవచ్చు, నేను మొండివాణ్ణే.

ఇంకొక ముచ్చట ఉంది. నాణేలు కరువయ్యాక అంగళ్ళలో ఒక విచిత్రం జరిగింది, మిఠాయే నాణెం అయింది. రూపాయి చిల్లర ఇవ్వాల్సిన చోట "చిల్లర లేదు సార్" అని ఒక చాక్లెట్ చేతిలో పెట్టేవారు. అదే చాక్లెట్‌ను మరునాడు తీసుకెళ్ళి రూపాయి కింద జమ వేసుకోమంటే మాత్రం వెర్రివాణ్ణి చూసినట్టు చూసేవారు. నేను అడిగి చూశాను కనుక చెబుతున్నాను. అర్ధరూపాయి నాణెం చట్టప్రకారం ఇప్పటికీ చెల్లుతుంది, కానీ ఏ అంగడిలోనైనా ఇచ్చి చూడండి. 2016లో యూపీఐ వచ్చింది, పైసలతో సహా కచ్చితమైన మొత్తం చెల్లించడం మొదలైంది, ఆ చిల్లర చాక్లెట్ కూడా పోయింది. ఇప్పుడు అమ్మ కొత్తిమీరకు పిల్లవాణ్ణి పంపినా మిగులు ఉండదు, "ఉంచుకో పో" అనే మాటకు చోటు లేదు. పిల్లవాడికి సొంత ఫోను ఉండదు, నాన్న ఫోనుతో కొంటే నాన్నకే సందేశం వెళ్తుంది. ఇంట్లో తెలియకుండా చెంపలో దాచుకొని చప్పరించిన పులుపు బిళ్ళకు ఈ దేశంలో ఇక దారి ఏది?

"ఇప్పటి ఐదు రూపాయలకు ఐదు రూపాయి చాక్లెట్లు వస్తాయి కదా, మళ్ళీ అదే 126 కదా" అని లెక్కల మాస్టారు ఎవరైనా రాయవచ్చు. లెక్క సరైనదే మాస్టారూ. ఆ ఐదు రూపాయలు పిల్లవాడికి ఎవరిచ్చారు, ఆ ఐదు సీసాలు ఏ అంగడిలో మూత తీసి ఉన్నాయి, ఆ రెండూ చెప్పండి చాలు.

మొన్న ఊరు వెళ్ళినప్పుడు ఆ అంగడికి వెళ్ళాను. అవ్వ లేదు, మనవడు నడుపుతున్నాడు. సీసాల స్థానంలో దండలుగా వేలాడే ప్యాకెట్లు, బల్ల మీద క్యూఆర్ కోడ్ అతికించిన అట్ట. "నిమ్మతొన ఒకటి ఇవ్వు నాయనా" అంటే, "విడిగా ఇవ్వము అన్నా, ప్యాకెట్టు పది రూపాయలు" అన్నాడు. స్కాన్ చేసి కొన్నాను. అన్నీ ఒకే రంగు, ఒకే రుచి. సగం ప్యాకెట్టు ఇంకా నా కారులోనే ఉంది. ప్యాకెట్టుకు అతుకు వేసి మూసేశారు కనుక కొసరు కూడా లేదు. అవ్వ దగ్గర ఐదు కొంటే, ఒక్కోసారి ఆమె మనసు బాగుంటే, సీసా అడుగున విరిగిన ముక్క ఒకటి కొసరుగా చేతిలో పడేది, అది తినడం కోసమే ఆ ఐదూ కొన్న రోజులు ఉన్నాయి.

ఇక మీరు నన్ను తిట్టాలనుకుంటే తిట్టండి, అయితే తిట్టే ముందు మీ పావలాకు ఏ ఐదు ఏరుకునేవారో రాయండి. నావి రెండు నిమ్మతొనలు, రెండు పులుపు బిళ్ళలు, ఒక జీడి. ఐదే రాయండి. ఆరోది కొసరు, అది అవ్వ ఇష్టం.