ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటుంది? మొబైల్ భద్రతా యాప్‌లు, వాడేవారి అనుభవం

సభాధ్యక్షులకు, ఆచార్యులకు, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన విద్యార్థులకు నమస్కారం.

యాప్ లాక్‌లు, వైరస్‌ను పట్టే యాప్‌లు, పోయిన ఫోనును పనిచేయకుండా చేయించే సంచార్ సాథీ, బ్యాంకు యాప్‌లలోని రక్షణ ఏర్పాట్లు, ఇవన్నీ ఈనాటి నా ప్రసంగ విషయంలోకి వస్తాయి. వీటిని పరీక్షించేటప్పుడు ఇది దాడిని ఆపగలదా అని అడుగుతాం. అంతకన్నా ముందు, ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటుంది, ఆ చెయ్యి ఎలాంటిది, పక్కన ఎవరు కూర్చుని ఉంటారు అని అడగాలన్నది నా అభిప్రాయం.

రక్షణ ఏర్పాటు వాడేవారి మనసుకు ఒదగాలన్న మాటను కంప్యూటర్ శాస్త్రవేత్తలు సాల్ట్‌జర్, ష్రోడర్ 1975లోనే తమ సూత్రాలలో చేర్చారు. 1999లో పరిశోధకులు ఆల్మా విటెన్, డగ్ టైగర్ ఈమెయిళ్లను రహస్యంగా పంపే పీజీపీ 5.0 సాఫ్ట్‌వేర్‌ను 12 మందికి ఇచ్చి, 90 నిమిషాల గడువు పెడితే, మూడోవంతు మంది మాత్రమే ఆ పని సరిగా చేయగలిగారు. వారందరికీ ఈమెయిల్ వాడకం బాగా తెలుసు. ఆండ్రాయిడ్ అనుమతుల మీద 2012లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, యాప్ ఎక్కించుకునేటప్పుడు ఆ అనుమతులు అడిగే తెరను పట్టించుకున్నవారు 17 శాతమే. యాప్‌కు అవసరం పడినప్పుడే అనుమతి అడిగే పద్ధతి 2015లో ఆండ్రాయిడ్ 6.0తో వచ్చింది.

ఇక మన జిల్లాల సంగతికి వద్దాం. పలాస, కాశీబుగ్గలలో జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ల వేళ్లను దగ్గరగా చూడండి. పెంకులోని జీడి చర్మాన్ని కాలుస్తుంది, వేలిగీతలు అరిగిపోతాయి. అలాంటి ఒక కార్మికురాలు యాప్ తెరవడానికి బొటనవేలు నొక్కడం, పడకపోతే కొంగుకు తుడుచుకుని మళ్లీ నొక్కడం, చివరికి పిన్ అడిగే తెర రాగానే ఫోను కూతురి చేతిలో పెట్టడం నేను కళ్లారా చూశాను. అన్నిటికన్నా భద్రమని మనం నమ్మిన వేలిముద్ర, ఆ ఇంట్లో అందరికీ తెలిసిన నాలుగంకెల దగ్గరికి వచ్చి ఆగింది. కళాశాల ప్రయోగశాలలో, విద్యార్థుల వేళ్లతో చేసిన పరీక్షలో ఈ లోపం ఎన్నటికీ బయటపడదు.

సముద్రతీర గ్రామాలలో సమస్య ఇంకా లోతైనది. మగవాళ్లు నెలల తరబడి గుజరాత్‌లోని వేరావల్ వంటి చోట్ల వేటకు వెళతారు. బ్యాంకు ఖాతాకు ముడిపెట్టిన నంబరు భర్త ఫోనులో, ఆ ఫోను అక్కడ, డబ్బు అవసరం ఇక్కడ. ఓటీపీ వచ్చినప్పుడు ఆయన ఫోను చేసి అంకెలు చదువుతాడు, ఈమె ఇక్కడ నొక్కుతుంది. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని యాప్ ఎంత పెద్ద అక్షరాలతో హెచ్చరించినా, ఇల్లు గడవాలంటే ఆ నియమాన్ని దాటక తప్పదు. ఫోనులో అంకెలు చెప్పడం ఇంటి అలవాటైపోయాక, బ్యాంకు నుంచి అంటూ ఎవడో మోసగాడు అడిగినా అది వింతగా తోచదు. దీన్ని జనం అజాగ్రత్త అని రాసిన నివేదికలు చదివినప్పుడు నాకు బాధ కలుగుతుంది. ఒక ఫోను, ఒక నంబరు, ఒక మనిషి అన్న లెక్కతో యాప్ కట్టినవారు ఆ కుటుంబాన్ని లెక్కలోకే తీసుకోలేదు.

అందుకే పరిశోధన ఇళ్లలో జరగాలి, అడిగే తీరు కూడా మారాలి. అర్థమైందా అమ్మా అని అడిగితే మర్యాద కొద్దీ ‘తెలిసింది బావూ’ అనే అంటారు. అలా కాకుండా, ఈ హెచ్చరిక ఏం చెబుతోందో మీ తోటికోడలికి చెప్పండి అని, ఆమె తన మాటల్లో చెప్పేది ఉన్నదున్నట్టు రాసుకోవాలి. చలానా కట్టాలనో, ప్రభుత్వ పథకం డబ్బు వచ్చిందనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ల, అంటే నొక్కితే ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైళ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. తెలియని యాప్ అని ఫోను హెచ్చరిస్తుంది, కానీ ఆ ఫైలు బావమరిది నంబరు నుంచి వచ్చి ఉంటుంది. బావమరిది ఖాతాను దొంగలు చేజిక్కించుకున్నారన్న సంగతి ఆ తెర చెప్పదు. ఆ క్షణంలో ఆమె ఎవరి మాట నమ్మింది, ఎందుకు నమ్మింది అన్నదే మనకు కావలసిన సమాచారం.

పరీక్షకు మన ఫోనునే, ఉత్తుత్తి ఖాతాతో ఇవ్వాలి, అసలు పిన్ ఎవరినీ అడగరాదు. అంగీకార పత్రాన్ని చదివి వినిపించాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమ్మతి కోరే ప్రకటనను ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషలలో దేనిలోనైనా చదువుకునే వీలు ఇవ్వాలంటోంది. కాబట్టి తెలుగులో అడగమనడం వాడేవారి హక్కు. అత్తగారో భర్తో పక్కన ఉంటే కొన్ని ప్రశ్నలు ఆనాటికి ఆపేయడమే మంచిది.

చివరగా ఒక పరీక్షను మీ ప్రాజెక్టులలో తప్పక చేర్చమని కోరుతున్నాను. డబ్బు పోయిందనుకోండి, ఇప్పుడేం చేస్తారు అని అడిగి చూడండి. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఎంత త్వరగా ఫిర్యాదు చేస్తే, ఆ సొమ్మును దారిలో నిలిపే అవకాశం అంత ఎక్కువ. ఆ నంబరు యాప్‌లో ఆమెకు కనిపించిందా? ఆమె మొదట ఫోను చేసేది హైదరాబాదులోని కొడుక్కి అయితే, డబ్బు పోయిన సమయం, లావాదేవీ సంఖ్య, బ్యాంకు పేరు, ఈ మూడూ ఒకే తెర మీద ఆమె చదివి చెప్పగలిగేలా ఉన్నాయా? ఇవి కూడా పరీక్షించి రాయండి.