గోడ చార్ట్, యాప్, నోట్‌బుక్: పిల్లల ఎదుగుదల రాసుకోవడానికి ఆరేళ్లుగా వాడి చెబుతున్నాను

నమస్తే అండి. ఈరోజు మూడు వస్తువుల గురించి మాట్లాడదాం. గోడకి అంటించే ఎత్తు చార్ట్, ఫోన్‌లో ఎదుగుదల రాసుకునే యాప్, ఒక మామూలు రూళ్ల నోట్‌బుక్. పాప పుట్టినప్పటి నుంచి ఈ మూడూ ఏదో ఒక దశలో మొదలుపెట్టి ఇప్పటికీ వాడుతున్నాను. పాపకి ఆరేళ్లు, ఒకటో తరగతి. బాబుకి మొన్ననే మూడు నిండాయి. వాళ్లు ఒక్క సెంటీమీటర్ పెరిగినా, ఒక్క కొత్త అక్షరం రాసినా నాకు పండగే. అందుకే ఈ రివ్యూ చాలా ఇష్టంగా చేస్తున్నాను.

ముందు గోడ చార్ట్. ఇదిగోండి, జిరాఫీ బొమ్మ. 60 సెంటీమీటర్ల దగ్గర మొదలై 160 దాకా ఉంది. పిల్లలకి ఇదంటే ఎంత సరదా అంటే, పిలవకుండానే వచ్చి నిలబడతారు. తప్పు మేమే చేశాం, అంటించేటప్పుడు. 60 అనే గీత నేల నుంచి సరిగ్గా 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. మేము కంటి అంచనాతో అంటించేశాం. కొన్నాళ్లకి క్లినిక్‌లో కొలిస్తే, పాప ఎత్తు మా లెక్క కన్నా 2 సెంటీమీటర్లు తక్కువ వచ్చింది. ఎదిగే పిల్ల తగ్గడమేమిటని ఒకటే టెన్షన్. ఇంటికొచ్చి టేపు పట్టి చూస్తే, 60 గీత నేల నుంచి 58 దగ్గర ఉంది!

ఇంకో సంగతి. గోడ అడుగున స్కర్టింగ్ ఉంటుంది కదా, అది గోడ కన్నా కాస్త ముందుకు పొడుచుకొచ్చి ఉంటే పిల్లల మడమలు గోడకి ఆనవు. వీపు ఆనించాలని వెనక్కి వాలతారు, కొలత తేడా వస్తుంది. అందుకే చార్ట్ పీకి, ఈసారి టేపుతో కొలిచి, తలుపు మీద అంటించాం.

కొలిచే పద్ధతి కూడా చెప్పేస్తాను. చెప్పులు, సాక్సులు తీసేయాలి. తల మీద పిలక ఉంటే విప్పేయాలి. మడమలు, పిరుదులు, వీపు తలుపుకి ఆనాలి, చూపు తిన్నగా ముందుకు ఉండాలి. అప్పుడు గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని తల మీద పెట్టి, దాని అంచు తలుపుకి పూర్తిగా ఆనించి, కింద పెన్సిల్‌తో గీత గీయాలి. ఎప్పుడూ ఒకే వేళకి కొలవండి. పగలంతా నిలబడి, ఆడి, పరుగెత్తాక వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు కొంచెం అణుగుతాయి. పొద్దున్న ఉన్న ఎత్తు సాయంత్రానికి దాదాపు ఒక సెంటీమీటర్ దాకా తగ్గి కనిపించవచ్చు.

ఇక యాప్. పేరు చెప్పను, ఇలాంటివి చాలా ఉన్నాయి. పుట్టిన తేదీ, ఎత్తు, బరువు ఇస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ వంపుల మీద, అంటే ఏ వయసుకి ఎంత ఎత్తు, బరువు ఉంటాయో చూపే గీతల మీద, చుక్క పెట్టి చూపిస్తుంది. ఐదేళ్ల లోపు పిల్లల కోసం ఆ వంపుల్ని 2006లో విడుదల చేశారు. బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా, ఈ ఆరు దేశాల పిల్లల్ని కొలిచి తయారుచేశారు. ఐదేళ్లు దాటాక వాడే చార్ట్ వేరు, అది 2007లో వచ్చింది. మీ యాప్ ఐదు నిండగానే చార్ట్ మారుస్తుందో లేదో ఒకసారి చూసుకోండి.

యాప్‌లో నన్ను బాగా ఏడిపించింది పర్సెంటైల్. మా పాపకి ఎప్పుడూ 25 అటూ ఇటూ చూపిస్తుంది. మనకి చిన్నప్పటి నుంచి నూటికి ఇన్ని మార్కులు అని అలవాటు కదా, 25 అనగానే గుండె జారిపోయింది. పిల్లల డాక్టరు నెమ్మదిగా కూర్చోబెట్టి చెప్పారు. అదే వయసున్న 100 మంది ఆడపిల్లల్ని ఎత్తు ప్రకారం నిలబెడితే సుమారు 25 మంది మన పాప కన్నా పొట్టిగా ఉంటారు, అంతే. పొట్టి వాళ్లూ పొడుగు వాళ్లూ ఎప్పుడూ ఉంటారు. పిల్ల తన వంపు వెంబడే నడుస్తోందా అన్నది చూడాలి. అలవాటైన వంపు వదిలేసి వరుసగా కిందికి జారుతుంటే అప్పుడు తీసుకురమ్మన్నారు.

రెండేళ్లప్పుడు ఇంకో గండం. అప్పటిదాకా పాపని పడుకోబెట్టి కొలిచేవాళ్లం, 84.4 ఉంది. అదే వారం నిలబెట్టి కొలిస్తే 83.7. నిలబడితే కొలత సుమారు 0.7 సెంటీమీటర్ తక్కువ వస్తుందట, చార్టులు కూడా రెండేళ్ల దగ్గర ఆ తేడా లెక్క వేసే ఉంటాయి. ఎలా కొలిచామో అడిగే యాప్ మంచి యాప్. నాది అడగలేదు. మొదటి ఏడాదిలో పిల్లలు సుమారు 25 సెంటీమీటర్లు పెరుగుతారు, రెండో ఏడాది 12 దాకా, ఆ తర్వాత ఏడాదికి ఓ 5 నుంచి 7. వేగం తగ్గడం మామూలే. ఈ మాట ముందే తెలిసుంటే ఎన్ని రాత్రులు హాయిగా నిద్రపోయేదాన్నో.

ఇప్పుడు నాకు ప్రాణమైన వస్తువు, ఈ నోట్‌బుక్. ఇందులో ఎత్తు, బరువు మూడు నెలలకోసారి రాస్తాను. మిగతా పేజీలన్నీ బడి సంగతులే. రిపోర్ట్ కార్డులో నక్షత్రాలు వస్తాయి, చూసి మురిసిపోతాం, కానీ పిల్లకి ఏం వచ్చిందో వాటిలో తెలియదు. ఇదిగో, ఈ బొమ్మ చూడండి. పాప మూడున్నరేళ్లప్పుడు గీసిన అమ్మ. గుండ్రటి తల, తలలోంచే నేరుగా రెండు కాళ్లు. పొట్ట లేదు, మెడ లేదు. ఆ వయసులో చాలామంది పిల్లలు ఇలాగే గీస్తారు. ఏడాది తర్వాతి బొమ్మ ఇది, పొట్ట వచ్చింది, చొక్కాకి గుండీలు కూడా వచ్చాయి. చేతికి ఏడు వేళ్లు! వెనక తేదీ రాసి ఉండబట్టే ఈ తేడా ఇవాళ మీకు చూపించగలుగుతున్నాను. తేదీ మాత్రం మర్చిపోకండి.

లెక్కలు కూడా అంతే. నాలుగేళ్లకే 20 దాకా గడగడా చెప్పేది. ఏడు చెంచాలు పెట్టి లెక్కపెట్టమంటే ఒకే చెంచాని రెండుసార్లు ముట్టుకుని ఎనిమిది అనేది. రెండు నెలల తర్వాత చూస్తే, ఒక్కో చెంచానీ పక్కకి జరుపుతూ లెక్కపెట్టింది. ఎవరూ నేర్పలేదు. ఆ రోజు పేజీలో రెండే మాటలు రాశాను, "పక్కకి జరిపింది" అని. 3 అంకె తిరగేసి రాసిన పేజీలు కూడా దాచాను. ఐదారేళ్ల పిల్లల్లో అది మామూలే, ఇప్పుడు తనంతట తనే సరిచేసుకుంటోంది.

మూడింటిలో ఒక్కటే ఉంచుకోమంటే నోట్‌బుక్ ఉంచుకుంటాను. యాప్ మంచిదే, డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పనికొస్తుంది. చార్ట్ పిల్లల సంతోషం కోసం ఉండాల్సిందే, టేపు పట్టి అంటించండి చాలు.

సరే, బాబు వచ్చేశాడు, మూడేళ్ల కొలత మీ ముందే తీస్తాను. రా నాన్నా, మడమలు ఆనించు. పైకి చూడకు, అక్కని చూడు. పుస్తకం పెడుతున్నాను, కదలకు... 96.2. ఇంకోసారి చూద్దాం. 96.3. రాస్తున్నాను. బాబూ, పెన్సిల్ నీకే ఇస్తాను, నీ గీత నువ్వే గియ్యి.