ఒక్కదాన్నే పాతబస్తీలో ఒక రోజు: చార్మినార్‌ని ఆఖర్న కాదు, పొద్దున్నే చూడండి

నమస్తే అండీ. మొన్న శనివారం హైదరాబాద్ పాతబస్తీ మొత్తం ఒక్కదాన్నే తిరిగొచ్చా. "ఆ జనంలో ఒక్కదానివా?" అని మా అమ్మ విజయవాడ బస్టాండులో బస్సు కదిలేదాకా అడుగుతూనే ఉంది.

పొద్దున ఆరున్నరకి ఎంజీబీఎస్ బస్టాండులో దిగా. ఆటో అతను చార్మినార్‌కి రెండొందల యాభై అన్నాడు. రెండు కిలోమీటర్ల దూరానికి! బ్యాగు తగిలించుకుని నడిచేశా. అదే మంచిదైంది.

ఇదిగో, ఈ క్లిప్ చూడండి. నయాపూల్ వంతెన దాటి, మదీనా కూడలి దాటాక పత్తర్‌గట్టి బజారు. రోడ్డుకి రెండువైపులా రాతి కమానుల వరస. 1908 మూసీ వరదల తర్వాత, 1912లో నిజాం ప్రభుత్వం పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించింది. ఇంతకుముందు నాలుగుసార్లు వచ్చా, ఒక్కసారీ ఈ కమానులు నా కంట పడలేదు. షాపులు తెరిచాక చీరలు, బోర్డులు, బొమ్మలకు తొడిగిన షేర్వానీలే కదా కనపడేవి! షట్టర్లు వేసి ఉంటేనే పత్తర్‌గట్టి కనిపిస్తుంది. అందుకే ఏడింటికల్లా అక్కడుండమంటున్నా.

చార్మినార్ దగ్గర ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. బిస్కెట్ కాస్త ఉప్పగా, కాస్త తియ్యగా ఉంటుంది. చాయ్‌లో ఎక్కువసేపు ముంచారో, సగం గ్లాసు అడుగునే. నాది అదే అయింది, స్పూను అడిగి తిన్నా.

పక్కనే మక్కా మసీదు. కుతుబ్‌షాహీలు మొదలుపెడితే ఔరంగజేబు కాలంలో, 1694లో పూర్తయింది. పావురాల మధ్య కాసేపు కూర్చున్నా. శుక్రవారం మాత్రం ఈ ప్లాన్ వద్దు: మసీదు దగ్గర నమాజు రద్దీ, సాలార్‌జంగ్ మ్యూజియానికి సెలవు.

చార్మినార్ ఎక్కా. 1591 నాటి కట్టడం, కాదనను. కానీ మెట్లు ఇరుకు, ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఒకళ్లనొకళ్లు రాసుకుంటూ పోవాలి. పైనుంచి దగ్గర్లోని చార్‌కమాన్ కూడలి నాలుగు కమానులు కనిపిస్తాయి, అది బాగుంది. ఇరవై నిమిషాలు చాలు.

ఎండ ముదిరేసరికి వెనక్కి నడిచి సాలార్‌జంగ్ మ్యూజియంలో పడ్డా. శుభ్రమైన టాయిలెట్ కావాలంటే కూడా ఇదే, ఆడవాళ్లు గుర్తుపెట్టుకోండి. అక్కడ మ్యూజికల్ క్లాక్ ఉంది కదా. లోపల కమ్మరి బొమ్మ ఒకటి క్షణానికో దెబ్బ వేస్తూనే ఉంటుంది. గంట అవడానికి కాస్త ముందు గడ్డం బొమ్మ బయటికొచ్చి, గంట అవగానే ఎన్ని గంటలైతే అన్నిసార్లు కొట్టి లోపలికి పోతుంది. పన్నెండింటికైతే పన్నెండు దెబ్బలు కాబట్టి జనమంతా అప్పటికే చేరతారు. నేనూ అరగంట ముందే చోటు పట్టా. తీరా బొమ్మ వచ్చే వేళకి ముందున్నాయన పిల్లాణ్ణి భుజానికెత్తుకున్నాడు. మీరు చూస్తున్నది ఆ పిల్లాడి చొక్కా. సౌండ్ మాత్రం బానే వచ్చింది, వినండి.

చౌమహల్లా వదిలేశా. మ్యూజియం, ప్యాలెస్ రెండూ ఒకే రోజంటే కాళ్లు ఒప్పుకోవు.

మూడింటికి లాడ్‌బజార్. నాకు ఈ రోజు మొత్తానికి ఇదే బెస్ట్. ఒక షాపు వెనక సందులో గాజులు చేస్తున్నారు. లక్కని వేడి మీద మెత్తబరిచి, తీగలా సాగదీసి, చుట్టి అంచులు అతికారు. ఇంకా వెచ్చగా ఉండగానే చిమటాతో ఒక్కో రాయీ తీసి అద్దాడు ఆ కుర్రాడు. చల్లారితే రాయి కూరుకోదట. చేతులు చూస్తూ పావుగంట నిలబడ్డా, ఒక్క రాయీ వంకర పోలేదు.

షాపాయన "సైజు టూ సిక్సేనా అక్కా? ఇట్ల జూడు, ఈ ఎర్రవి మంచిగుంటయ్" అని జత ఎనిమిది వందలన్నాడు. లేచి రెండడుగులు వేశా, నాలుగొందలకి దిగాడు. ఇంకో అడుగు వేయాల్సిందేమో.

సాయంత్రం ఆరు దాటాక ఆ రోడ్డు మీద నడవడం కాదు, జనమే మనల్ని నడిపిస్తారు. బ్యాగు ముందుకు వేసుకోండి, ఫోను చేతిలో వద్దు. ఎవరూ ఇబ్బంది పెట్టలేదు, మోచేతులు మాత్రం గట్టిగానే తగిలాయి.

ఇదిగో ఆ గాజులు. ఒకటి బస్సులో సీటు కమ్మీకి తగిలి చిట్లింది, ఇక్కడ చూడండి. లక్క కాబట్టి వేడిచేసి అతుకుతామని షాపాయన ముందే చెప్పాడు. కాగితంలో చుట్టి బ్యాగులోనే ఉంచా, ఈసారి తీసుకెళ్తా. డబ్బులడిగితే ఆ వీడియో కూడా పెడతా.