‘గెట్’ పక్కన ఏముంది?

అందరికీ నమస్కారం. ఇవాళ మాట్లాడబోయేది ఇంగ్లీషులో మూడక్షరాల చిన్న మాట గురించి. గెట్. అర్థం చెప్పమంటే చటుక్కున ‘పొందు’ అంటాం. మరి ‘ఇట్ ఈజ్ గెట్టింగ్ డార్క్’ అన్నప్పుడు ఎవరు ఏం పొందుతున్నట్టు? ‘గెట్ లాస్ట్’ అని కసిరినవాడు మనల్ని ఏం పొందమంటున్నట్టు?

అర్థాల జాబితా బట్టీపడితే ఈ మాట లొంగదు. గెట్ తర్వాత ఏం వచ్చిందో చూడాలి. నామవాచకమా, విశేషణమా, చోటా, ఇంకో క్రియా? అర్థం అక్కడే తేలుతుంది.

ముందు నామవాచకం. ‘ఐ గాట్ ఎ లెటర్’ అంటే ‘నాకు ఉత్తరం వచ్చింది’. ఇంగ్లీషు వాక్యంలో కర్త నేను. తెలుగులో కర్త ఉత్తరం. నేనేమో ‘కు’ తగిలించుకుని పక్కన నిలబడ్డాను. ఉద్యోగం వచ్చింది, టికెట్టు దొరికింది, జీతం అందింది, జలుబు చేసింది, విషయం అర్థమైంది... ముందు ‘నాకు’ పెట్టి మనం రకరకాల క్రియలు వాడే ఈ వాక్యాలన్నీ ఇంగ్లీషులో ‘ఐ గాట్’తో మొదలుకావచ్చు. అలాగని ‘నాకు’ కనిపించిన ప్రతిచోటా గెట్ పెట్టకూడదు. ‘నాకు ఈత వచ్చు’, ‘నాకు తెలుసు’ అనేవి ఉన్న స్థితిని చెబుతాయి. ఒట్టి గెట్‌లో మాత్రం ఏదో ఒకటి కొత్తగా జరగాలి.

విశేషణం వస్తే ఆ సంగతి ఇంకా తేటగా కనబడుతుంది. మనకు చీకటి పడుతుంది, ఆకలి వేస్తుంది, కోపం వస్తుంది. ఏ మాటకు ఏ క్రియ అతుకుతుందో మనకు ఊహ తెలిసేసరికే వచ్చేసింది. తెలుగు నేర్చుకునే విదేశీయుడికి మాత్రం ఇదో పెద్ద తలనొప్పి! ఇంగ్లీషులో ఆ బాధ లేదు. గెట్ డార్క్, గెట్ హంగ్రీ, గెట్ యాంగ్రీ, అంతే. ‘ఐ యామ్ టైర్డ్’ అంటే అలసటగా ఉన్నాను. ‘ఐ గాట్ టైర్డ్’ అంటే అలసిపోయాను. ‘షి ఈజ్ మ్యారీడ్’ అంటే ఆమె పెళ్లైన మనిషి, ‘షి గాట్ మ్యారీడ్’ అంటే పెళ్లి చేసుకుంది. ఎవరిని చేసుకుందో చెప్పేటప్పుడు ‘మ్యారీడ్ టు’ అనాలి. ‘మ్యారీడ్ విత్’ అనడం ‘తో’ అనే మన అలవాటు వల్ల వచ్చే పొరపాటు.

చోటు వస్తే చేరడం. ‘గెట్ టు ద స్టేషన్’. కానీ హోమ్, హియర్, దేర్ అనే మూడింటి ముందూ ‘టు’ రాదు. ‘గెట్ టు హోమ్’ తప్పు, ‘గెట్ హోమ్’ ఒప్పు. ఇక బస్సు, రైలు, విమానం ఎక్కితే ‘గెట్ ఆన్’, దిగితే ‘గెట్ ఆఫ్’. కారుకు మాత్రం ‘గెట్ ఇన్’, ‘గెట్ అవుట్’. లోపల లేచి నాలుగడుగులు వేయగలిగే బండికి ఆన్, ఒంగి దూరాల్సిన దానికి ఇన్ అని గుర్తుపెట్టుకోండి. సైకిలు, గుర్రం మీద కూర్చుంటాం కాబట్టి వాటికీ ఆన్.

ఇప్పుడు మనవాళ్లు ఎక్కువగా తడబడే చోటుకి వద్దాం. ‘ఫోన్ బాగు చేయించాను’ అన్న వాక్యం తీసుకోండి. పని ఇంకొకరిచేత జరిగిందని చెప్పే ‘ఇంచు’ మన క్రియలోనే కలిసిపోయి ఉంది. ఇంగ్లీషులో ఆ ‘ఇంచు’ పని చేసేది గెట్. అయితే అది అసలు క్రియకు అంటుకోదు, మధ్యలో వస్తువుకు చోటు వదులుతుంది. ముందు ‘ఐ గాట్’, తర్వాత ‘మై ఫోన్’, చివర ‘రిపేర్డ్’. మనకు ‘చేయించాను’ ఒకే మాట కావడంతో విడదీయబుద్ధి కాదు. అందుకే ‘ఐ గాట్ రిపేర్డ్ మై ఫోన్’ అనేస్తాం. అందులో మొదటి మూడు మాటలే విన్నవాడికి నన్నే ఎవరో బాగు చేశారేమో అనిపిస్తుంది! గెట్ ఎగరగొట్టి ‘ఐ కట్ మై హెయిర్’ అంటే ఇంకో చిక్కు. కత్తెర మీ చేతిలోనే ఉందనుకుంటారు. చేయించుకున్నది క్షవరమైతే ‘ఐ గాట్ మై హెయిర్ కట్’.

మధ్యలో వస్తువు కాక మనిషి వస్తే వాక్యం అచ్చు మారుతుంది: ‘ఐ గాట్ హిమ్ టు రిపేర్ ఇట్’. ఇక్కడ ‘టు’ తప్పనిసరి. ఇదే అర్థంలో మేక్ గానీ హ్యావ్ గానీ వాడితే మాత్రం ‘టు’ రాదు: ‘ఐ మేడ్ హిమ్ రిపేర్ ఇట్’. రుచిలోనూ తేడా ఉంది. మేక్‌లో బలవంతం ఉంటుంది, హ్యావ్‌లో పురమాయింపు ఉంటుంది. గెట్‌లో బతిమాలో, నచ్చజెప్పో ఒప్పించడం ఉంటుంది. మొండికేసిన పిల్లాడిచేత మందు తాగించడానికి గెట్‌ను మించిన మాట లేదు.

ఒక హెచ్చరిక. ‘ఐ గాట్ మై ఫింగర్ కాట్ ఇన్ ద డోర్’ కూడా ఫోన్ వాక్యం అచ్చులోదే. కానీ ఇక్కడ ఎవరూ ఎవరిచేతా ఏమీ చేయించుకోలేదు, పాపం తలుపు సందులో వేలు నలిగింది. ఈ రెంటికీ తేడా చెప్పే గుర్తు వాక్యంలో ఎక్కడా ఉండదు, సందర్భాన్ని బట్టే తెలియాలి.

‘హ్యావ్ గాట్ టు’, ‘గెట్ టు’ అనే జంట కూడా ప్రమాదమే. ‘ఐ హ్యావ్ గాట్ టు సింగ్’ అంటే పాడక తప్పదు. ‘ఐ గెట్ టు సింగ్’ అంటే పాడే అవకాశం నాకు దక్కుతుంది. ఒకటి మెడ మీద కత్తి, రెండోది అదృష్టం. ‘హ్యావ్ గాట్’ తర్వాత ‘టు’ లేకుండా నామవాచకం వస్తే కలిగి ఉండడమే: ‘ఐ హ్యావ్ గాట్ టూ బ్రదర్స్’. ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ అనేవాళ్లు దీనికి మారితే మేలు.

గెట్ మోటు మాట కాదు, కాకపోతే నోటి మాట. దరఖాస్తులో, నివేదికలో రిసీవ్, అబ్టెయిన్, బికమ్ లాంటివి బాగుంటాయి. ఆ రాత మాటల్ని సంభాషణలోకి తెచ్చి ‘ఐ అబ్టెయిన్డ్ ఎ కోల్డ్’ అంటే మాత్రం జలుబుకు అర్జీ పెట్టి మరీ తెచ్చుకున్నట్టు ఉంటుంది.

చివరగా పుట్టుక. ఈ మాట ఉత్తర ఐరోపా సముద్ర యోధులైన వైకింగుల భాష పాత నార్స్ నుంచి వచ్చింది. పాత ఇంగ్లీషులోనూ దీనికి చుట్టమైన మాట ఒకటి ఉండేది. అదే ఫర్గెట్ (మరచిపోవు), బిగెట్ (బిడ్డను పుట్టించు) అనే మాటల్లో నిలిచింది. గెట్‌కు ‘హ్యావ్’ తర్వాత వాడే గాటెన్ అనే పాత రూపాన్ని అమెరికావాళ్లు వదల్లేదు, బ్రిటన్‌లో ఇప్పుడు మామూలుగా గాట్‌తోనే సరిపెడతారు. అమెరికాలో ‘ఐ హ్యావ్ గాట్ ఎ కార్’ అంటే కారు ఉందని, ‘ఐ హ్యావ్ గాటెన్ ఎ కార్’ అంటే కారు సంపాదించానని. ఫర్గాటెన్ మాత్రం రెండు చోట్లా ఫర్గాటెనే. ఇక మీ ప్రశ్నలు అడగండి.